గొంతు తగ్గిన వాక్యం

ఏలూరు నుంచి కైకలూరు మీదుగా వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న దర్జీ ఖురాన్ పైకి చదువుకుంటున్నారు. ముందు సీట్లో, మోకాలికి కట్టుతో, టోపీ పెట్టుకున్న ముసలాయన కళ్ళు మూసుకుని వింటున్నారు. ఒకచోట దర్జీ గొంతు ఆగిపోయి, పెదాలు మాత్రం కదిలాయి.

"ఏవండీ, నీరసంగా ఉందా?" అన్నాను.

"లేదండీ. ఇది సజ్దా వాక్యం. చదివినవాళ్ళే కాదు, విన్నవాళ్ళూ నేలకి నుదురు ఆనించాలి. పాపం, ఆయన మోకాలు చూశారుగా," అన్నారు మెల్లగా. తను మాత్రం దిగాక చేస్తారట.

కైకలూరులో దర్జీ దిగీ దిగగానే ఐస్ కొట్టు పక్కన తువ్వాలు పరుచుకుని, నుదురు నేలకి ఆనించారు.

ముసలాయన కిటికీలోంచి అది చూసి నావైపు తిరిగారు. "ఆ వాక్యం నాకు కంఠతా వచ్చండీ. ఎక్కడ ఆపారో అప్పుడే తెలిసింది," అని, కూర్చున్నచోటే తల వంచారు.