అవ్వ తెచ్చిన డబ్బీ

శంషాబాద్ పక్క ఊళ్లో, సర్కారు దవాఖాన ల్యాబులో నా ఉద్యోగం. పిల్లల మలంలో పురుగుల గుడ్లు వెతకాలి. మైక్రోస్కోపు కింద ఆ గుడ్లు ఎంత ముచ్చటగా ఉంటాయో చెబుదామని నోరు తెరిస్తే చాలు, మా అత్తగారు కంచం పట్టుకుని వరండాలోకి వెళ్లిపోతారు.

ఆమధ్య ఒక అవ్వ మనుమరాలిని తీసుకొచ్చేది. ఎనిమిదేళ్ల పిల్ల. కనురెప్ప కిందికి లాగి చూస్తే ఎరుపన్నదే లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పైగా బలపాలు నమిలి తింటోందని బడిలో పంతులమ్మ ఫిర్యాదు. చూడగానే కొంకిపురుగులే అనుకున్నాను. పేగును పట్టుకుని రక్తం పీల్చేవి అవి. కానీ రెండుసార్లు పరీక్ష చేసినా ఒక్క గుడ్డూ కనబడలేదు. రక్తం పట్టడానికి మందు తాగుతున్నా పిల్ల ఇంకా పాలిపోతోంది. పట్నంలో పెద్దాసుపత్రికి పంపి ఎముకలోని మూలుగ తీయించి చూడాలన్నారు డాక్టరుగారు. ఆ మాటకు నాకు భయమేసింది.

మూడోసారి అవ్వ, పరీక్షకు మలం తెచ్చిన డబ్బీని కొంగుతో తుడిచి, వియ్యాలవారికి మిఠాయి పెట్టినట్టు నా బల్ల మీద పెట్టింది.

"మంచిగున్నది గద బిడ్డా?" అంది.

ఈ ఉద్యోగంలో నన్ను అలా అడిగినవాళ్లు లేరు. అనుమానం వచ్చింది.

"ఇది పాపదేనా అవ్వా?"

"దానిదా? ఛీ! దానిది నల్లగ, గలీజుగ ఉంటది. సదువుకున్నోళ్ల ముందట గదెట్ల పెడ్త? ఎప్పుడు తెచ్చినా మా మనుమనిదే తెస్త. ఇద్దరు ఒక్క కుండల బువ్వనే తింటరు గద!"

పైన విమానం దిగుతోంది. దాని చప్పుడు ఆగేదాకా నవ్వుతూనే ఉన్నాను. ఆ తర్వాత బెంచీ మీద కూర్చున్న పిల్ల పాదాలు కనబడ్డాయి. అవ్వ సాగుచేసే పాలకూర మళ్లలోని మట్టి వేళ్ల సందున ఎండిపోయి ఉంది. మనుమడు బూట్లేసుకుని వ్యానెక్కి బడికి పోతాడని అవ్వ వచ్చినప్పుడల్లా మురిసిపోయేది. కొంకిపురుగు ఒంట్లోకి ఎక్కేది ఉత్తకాళ్ల నుంచే. నాకు నవ్వు ఆగిపోయింది. అవ్వ మీద కోపం కూడా వచ్చింది.

"రేపు ఆ గలీజుదే తీసుకురా అవ్వా. నాకదే కావాలి," అన్నాను.

మర్నాడు స్లైడు నిండా గుడ్లే. పండగ చేసుకున్నాను. డాక్టరుగారు పురుగుల మందు రాసి, మూలుగ మాట మానేశారు. పిల్లకు చెప్పులు కొనేదాకా నాకు మొహం చూపించవద్దని అవ్వకు నేను గట్టిగానే చెప్పాను.

కొన్ని వారాలకు మళ్లీ పరీక్షకు వచ్చారు. గుమ్మంలోంచే అవ్వ తగువు మొదలుపెట్టింది.

"ఏం గోలీలిచ్చినవ్ బిడ్డా! గిన్నెల బువ్వ ఆగుతలేదు. తమ్మున్ని ఉరికిచ్చి కొడుతున్నది. ఒకటే పరేషాన్!"

ఆమె మాట పూర్తికాకముందే పిల్ల కొత్త చెప్పులు టపటపలాడిస్తూ ముందుకు ఉరికొచ్చింది. డబ్బీ రెండు చేతులా పట్టుకుంది. అవ్వ చెయ్యి చాపినా ఇవ్వలేదు.

"మేడం, ఇది నాదే," అంది.