నేను అడిగి తెరిపించిన విభాగం

సలహా ఇవ్వకుండా ఊరుకోలేకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. కూరల బండి అతనికి కొత్తిమీర ఎండ తగలని వైపు పెట్టుకోమని చెబుతాను. పెళ్ళికి పోతే వడ్డన ఏ వరస నుంచి మొదలుపెడితే తొందరగా తెములుతుందో నాకు తెలిసిపోతుంది, తెలిసినాక నోరు ఊరుకోదు. "నిన్ను ఎవరన్నా అడిగిరా?" అని మా ఆయన విసుక్కునేవాడు. ఎవరూ అడగలేదు. అడగరు కాబట్టే నేను చెప్పాల్సి వచ్చేది.

ఇలాంటి మనిషికి, "సూచనలు" అని ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టుకున్న చోటు దొరికింది. రెండువేల సంవత్సరం దాటి అప్పటికి కొన్నేళ్ళు. మారతహళ్ళిలో రెండో అంతస్తు అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన బ్రూక్‌ఫీల్డ్‌లో ఆఫీసుకు, పాప స్కూలుకు వెళ్ళాక మధ్యాహ్నం దాకా ఆ ఇల్లు, ఒక అసెంబుల్డ్ కంప్యూటరు, కేబుల్ టీవీ అతను మేడ మీదుగా వైరు లాగి ఇచ్చిన ఇంటర్నెట్టు నావి. ఆ వైరు మీద కాకి వాలితే ఇంటర్నెట్టు పోయేది. కాకి లేచిపోయినా తిరిగి రావడానికి ఫోను చేసి బతిమాలాలి.

అంతకుముందు నేనూ ప్రోగ్రామర్నే. అనంతపురంలో ఎంసీఏ చేసి, తొంభైల చివర్లో బెంగుళూరు వచ్చి, ఒక చిన్న కంపెనీలో ఆస్పత్రులకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాశాను, సీ భాషలో. పాప కడుపులో ఉన్నప్పుడు డాక్టరమ్మ మంచం దిగొద్దంటే మానేశాను. కొన్ని నెలలకే అనుకున్నాను. ఆ కొన్ని నెలలు ఆరేళ్ళు ఎలా అయ్యాయో పిల్లల్ని పెంచినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, పెంచనివాళ్ళకు చెప్పినా తెలియదు. ఇప్పుడు మళ్ళీ ఉద్యోగంలో చేరాలి. పొద్దున్నే నాకూ ఎక్కడానికి ఒక బస్సు ఉండాలి, ఎక్కడో ఒక కుర్చీ నాదై ఉండాలి. అప్పట్లో నాకున్న కోరిక అదొక్కటే.

కింద ఉండే ఇంటి ఓనరమ్మ పాతకాలం నుంచి బెంగుళూరులో స్థిరపడ్డ తెలుగావిడ. నేను మెట్లు దిగినప్పుడల్లా అడిగేది. "ఏమ్మా, పని ఎక్కడన్నా చిక్కెనా? చదువుకొని ఉండావు, సుమ్నే ఇంట్లో ఎందుకు కూకుండేది?" సుమ్నే, అంటే ఊరికే, కూర్చోలేదని ఆమెకు చెప్పడం కష్టం. కంప్యూటరు ముందు కూర్చోవడం బయటినుంచి చూసేవాళ్ళకు కూర్చోవడంలాగే ఉంటుంది.

నేను కూర్చున్నది ప్రోగ్రామర్ల ఆన్‌లైన్ సంఘంలో. ఎక్కడో చలిదేశంలో ఉండే ఒకాయన దాన్ని నడిపేవాడు. ఆయన ముఖం మేమెవరం చూడలేదు, పేరు పక్కన ఒక కుక్క బొమ్మ ఉండేది. ఒక్కో భాషకు ఒక్కో విభాగం, జోకులకు ఒకటి, అన్నిటికన్నా అడుగున ఎవరూ దిగని చోట సూచనలకు ఒకటి. నా ఊరి పేరులో రెండక్షరాలకు ఒక అంకె తగిలించి పేరు పెట్టుకున్నాను. ఆ పేరులో ఆడా లేదు, మగా లేదు. సీ విభాగంలో ప్రశ్నలకు జవాబులు రాసేదాన్ని. అవసరానికి తీసుకున్న మెమరీని పనయ్యాక వదలకుండా పట్టుకుని, మెల్లగా ఊపిరాడక చచ్చిపోయే ప్రోగ్రాముల రోగాన్ని నేను తొందరగా కనిపెట్టేదాన్ని. అడిగిన కుర్రాళ్ళు ఎక్కువమంది మన దేశం వాళ్ళే. "థాంక్యూ సార్" అని రాసేవాళ్ళు. "మీరుండగా మాకేం భయం సార్" అని ఒకడు. నేను దిద్దలేదు. ఈ భూమ్మీద నన్ను సార్ అన్న చోటు అదొక్కటే, ఎందుకు పోగొట్టుకోవాలి?

జవాబులు ఎన్ని రాశానో సూచనలూ అన్ని రాశాను. ప్రశ్న అడిగేవాళ్ళు ప్రోగ్రాము తప్పు ఎక్కడ చూపించిందో ముందే రాయాలని ఒకటి. పాత ప్రశ్నలు వెతుక్కోవడం సులువు చేయాలని ఒకటి. ప్రతి సూచన కింద నలుగురైదుగురు, మాదీ అదే మాట అన్నట్టు, ప్లస్ వన్ అని పెట్టేవాళ్ళు. కుక్క బొమ్మ ఆయన "మంచి ఆలోచన" అనేవాడు. అంతే, అక్కడితో సరి. ఒక్కసారి మాత్రం, సమస్య తీరిన ప్రశ్నకు పక్కన టిక్కు గుర్తు పెట్టాలన్న నా సూచన నిజంగానే అమలైంది. ఆ సాయంత్రం సేమ్యా పాయసం చేశాను. ఏంటి విశేషమని ఇంట్లో అడిగితే పాలు మిగిలాయన్నాను.

ఈలోగా ఇంటర్వ్యూలకు తిరుగుతూనే ఉన్నాను. ఎక్కడికి పోయినా అదే ప్రశ్న. ఈ ఆరేళ్ళూ ఏం చేశారు? ఒకచోట ధైర్యం చేసి, ఇలా ఇలా ఒక సంఘంలో జవాబులు రాస్తాను, నా టిక్కు గుర్తులు మీరే చూసుకోవచ్చు అని చెప్పాను. ఇంటర్వ్యూ చేసినవాడు నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడే. "హాబీనా మేడం?" అని అడిగాడు. కోపం నషాళానికి అంటింది. బస్సులో మారతహళ్ళి వచ్చేసరికి నా జన్మలో కల్లా మంచి సూచన తయారైపోయింది.

పని మానేసి మళ్ళీ చేరాలనుకునేవాళ్ళకు సంఘంలో ఒక కొత్త విభాగం. మధ్యలో వచ్చిన కొత్త సంగతులు అక్కడ నేర్చుకోవచ్చు. కంపెనీల్లో ఉన్నవాళ్ళు అప్పుడప్పుడు తొంగిచూసి, వీళ్ళ పని చూసి, ఎక్కడన్నా ఖాళీ ఉంటే చెప్పొచ్చు. అందులో మొదట చేరేది నేనే, ఉద్యోగం దొరికి మొదట బయటపడేదీ నేనే. నాకు అంత నమ్మకం. ఆ విభాగానికి నియమాలు కూడా రాసిపెట్టుకుంటుంటే మా ఆయన వెనక నుంచి చూసి, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నాడు. అడగందే అమ్మైనా పెట్టదు అన్నాను నేను.

అడిగాను. కుక్క బొమ్మ ఆయన ఈసారి మంచి ఆలోచన అనలేదు. ఇలాంటివాళ్ళు నిజంగా ఉన్నారా, ఉంటే మీకెలా తెలుసు అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అందుకని మొదటిసారి నా సంగతి రాశాను. నేను ఆడమనిషిని, ఆరేళ్ళుగా ఇంట్లో ఉన్నాను, మీరు చూస్తున్న జవాబులన్నీ పాపను స్కూలుకు పంపాక రాసినవి అని. ప్లస్ వన్‌లు వచ్చి పడ్డాయి. కొన్ని నెలలు నానబెట్టి చివరికి విభాగం తెరిచారు. పిల్లి మెడలో గంట కట్టాలన్నవాళ్ళే కట్టాలి కాబట్టి దాని బాధ్యత నాకే ఇచ్చారు.

మొదట్లో బాగుండేది. రోజూ ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. పిల్లల కోసం మానేసినవాళ్ళు, అత్తమామల జబ్బుల కోసం మానేసినవాళ్ళు, కంపెనీ మూతబడి రోడ్డున పడ్డ మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు. హొసకోటె నుంచి ఒకామె ప్రశ్న అడుగుతూ చివర్లో, మీ పేరు చూస్తే మనవైపు వాళ్ళలా ఉన్నారని రాసింది. పెళ్ళికి ముందు రెండేళ్ళు ఉద్యోగం చేసింది. భర్త వాళ్ళది పెయింట్ల అంగడి. ఇంట్లో కంప్యూటరు లేదు, మార్కెట్టుకని బయలుదేరి దారిలో బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని నేను ఇచ్చిన లెక్కలు చేసి పంపేది. చురుకైన మనిషి. నేను తప్పు రాస్తే పట్టుకునేది కూడా. ఆమె నన్ను సార్ అనలేదు, అక్కా అంది.

సీ విభాగంలో మాత్రం నాకు తెలియకుండానే గాలి మారింది. నేను జవాబు రాస్తే, కింద "ఎవరైనా సీనియర్లు చూసి సరే అంటారా?" అని రాయడం మొదలుపెట్టారు. మీరుండగా మాకేం భయం అన్నవాడు కూడా అదే రాశాడు. ఇంకెవడో వచ్చి నేను చెప్పిందే తిప్పి చెబితే వాడికి థాంక్యూ సార్. నాకు ఏడుపొచ్చింది. ఆ జవాబులో ఏం మారింది? మెమరీ అదే, ప్రోగ్రాము అదే, రోగం అదే. పైగా మరీ తేలిక ప్రశ్న ఎవరు అడిగినా, ఇది ఇక్కడ అడిగేది కాదు అంటూ విభాగాల్ని చూసుకునే మోడరేటర్లు నా విభాగంలో తెచ్చి పడేసేవాళ్ళు. కంపెనీల్లో ఉన్నవాళ్ళు తొంగిచూస్తారనుకున్నాను కదా, ఒక్కరూ చూడలేదు. పందిరి నిండా పెళ్ళికూతుళ్ళే కూర్చుని ఉన్నట్టుండేది మా విభాగం. ఒకరి చీర ఒకరం బాగుందనుకుంటూ కాలం గడిపాం.

హొసకోటె ఆమె, నేనూ కలిసి ఒక వాకిన్ ఇంటర్వ్యూకు వెళ్ళాం. బ్రూక్‌ఫీల్డ్‌లోనే. ఆమె టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సు మారి వచ్చింది. గంజి పెట్టిన నూలు చీర కట్టుకుంది, సన్నగా ఉంది, రాతలో ఉన్నంత గట్టిగా మాటలో లేదు. అప్పుడే కాలేజీ దాటిన పిల్లల వరసలో మేమిద్దరం ఎండలో నిలబడ్డాం. బల్ల దగ్గరున్న అమ్మాయి మా బయోడేటాల్లో ఎక్కడ ఆగిపోయామో ఆ చోటు వేలితో వెతుక్కుని, "గ్యాప్ చాలా ఉంది కదా మేడం" అని తిరిగి ఇచ్చేసింది. ప్రోగ్రాము గురించి ఒక్క మాటైనా అడిగి ఉంటే బాగుండు. నేను విభాగం సంగతి చెప్పబోయాను. "నైస్" అని, వెనకున్నవాళ్ళను పిలిచింది.

బస్ స్టాపు పక్కన దర్శిని హోటల్లో నిలబడి కాఫీ తాగాం. ఆమె గ్లాసు చల్లారిపోయేదాకా చేతిలోనే పట్టుకుంది.

"అక్కా, ఇదే ఆఖరు అని చెప్పి పంపించినారు మా ఇంట్లో. రేపటి నుంచి అంగట్లో కూకోమంటా ఉండారు."

"కూర్చుంటావా?"

"నువ్వే చెప్పక్కా. ఏం చేయమంటావు? నువ్వేమంటే అది చేస్తా."

కూరల బండి అతనికి చెప్పగలిగాను, పెళ్ళిళ్ళలో వంటవాళ్ళకు చెప్పగలిగాను, ఏ దేశంలోనో ఉన్న కుక్క బొమ్మ ఆయనకు పేజీలకు పేజీలు చెప్పగలిగాను. జీవితంలో ఒకేఒక్క మనిషి నన్ను అడిగి సలహా పుచ్చుకుంటానంది. నా దగ్గర లేదు. ఇంకొన్నాళ్ళు చూడు అనలేకపోయాను, ఎందుకంటే చూడ్డానికి ఏముందో నాకే తెలియదు. ఆమె బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి చేయి ఊపింది. ఆ తరువాత ఆమె విభాగంలోకి రాలేదు.

మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరే తగ్గిపోయారు. పోతున్నామని ఎవరూ చెప్పలేదు. నేను మాత్రం రోజూ తెరిచి చూసేదాన్ని, దింపుడు కళ్ళం ఆశ అంటారే, అలాంటిది. ఒక్కోసారి నేనే ఒక ప్రశ్న వేసి, మర్నాడు నేనే జవాబు రాసేదాన్ని, ఎవరన్నా దారి తప్పి వస్తే చప్పుడు వినిపించాలని. ఇంటర్వ్యూలకు పిలుపులు రావడం అప్పటికే మానేశాయి. నేనూ బయోడేటాలు పంపడం మానేశాను.

ఒకరోజు సూచనల విభాగంలో కుక్క బొమ్మ ఆయనే రాశాడు. విరామం తరువాత వచ్చేవాళ్ళ విభాగంలో చాలాకాలంగా ఒక్కరే రాస్తున్నారు, దీన్ని ఏం చేద్దామో సభ్యులు చెప్పండి అని. ఆ ఒక్కరూ ఎవరో ఆయనకు తెలుసు, మర్యాదకు పేరు చెప్పలేదు. రెండు రోజులు ఎవరూ ఏమీ రాయలేదు. ఉంచమని ఒక్కరు, ఒకే ఒక్కరు అంటారేమోనని చూశాను. మూడో రోజు పాపను స్కూలుకు పంపి, స్నానం చేసి, కూర్చుని నేనే రాశాను. ఆ విభాగం తీసేయవచ్చు. అందులో పనికొచ్చే జవాబులు సీ విభాగానికి మార్చండి, హొసకోటె సభ్యురాలు రాసినవి ముఖ్యంగా, అవి బాగుంటాయి. ఏవి ఎక్కడికి మార్చాలో కూడా వివరంగా రాశాను. నా సూచనలన్నిటిలో అంత శుభ్రంగా రాసింది లేదు.

తెరవడానికి నెలలు పట్టిన విభాగం, మధ్యాహ్నం నేను పాప కోసం బయలుదేరేలోపు మూసేశారు. "చాలా మంచి సూచన, చేసేశాం" అని కింద రాసి ఉంది. దాని కింద ప్లస్ వన్‌లు. వాటి కింద, నేనెవరో తెలియని కొత్త కుర్రాడెవడో రాశాడు.

"థాంక్యూ సార్. ఇప్పుడు సైటు నీట్‌గా ఉంది."