రాడార్ మామ, ద్రాక్షతోటల గోరింకలు

మామ పోయిన సంగతి నాకు ఫోను చేసి చెప్పింది మా పెదనాన్న. "మీ రాడార్ మామ పొయినాడమ్మా, తెల్లారుజామున గుండె నొప్పొచ్చినాదంట" అన్నాడు. నేను ఏడవడానికి నోరు తెరిచేలోపలే, "తోటలో కాయ పక్వానికొచ్చుండాది. ఇంగ వాన సంగతి యాడ అడిగేది?" అన్నాడు. ఫోను పెట్టేశాను. అందుకే ఈ నాలుగు ముక్కలు ఏడుపుతో కాదు, కోపంతోనే మొదలుపెడుతున్నాను. చదివేవాళ్ళు మన్నించాలి. మన్నించకపోయినా రాస్తాను.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ఉండేది చిక్కబళ్ళాపురంలో. బెంగళూరు వైపు ఒక వాతావరణ కచేరీలో రాడార్ తెర ముందు కూర్చోవడం ఆయన ఉద్యోగం. ఇంకా చీకటి ఉండగానే మొదటి బస్సెక్కి పోయేవాడు. ఆ పని ఏమిటో మా ఇళ్ళలో చాలా కాలం ఎవరికీ అర్థం కాలేదు. నేను అడిగితే ఇలా చెప్పాడు. రాడార్ ఒక తరంగాన్ని పంపుతుంది, అది వాన చినుకుకు తగిలి వెనక్కు వచ్చి తెర మీద రంగు మచ్చగా పడుతుంది. మచ్చ ఎటు జరుగుతుందో చూస్తే వాన ఎటు పోతుందో తెలుస్తుంది. అంతే. మా తాత పాతపాళ్య దగ్గర మెట్టచేలో వేరుశెనగ వేసి, ప్రతి ఏడూ ఆకాశం వైపు చూస్తూ ముసలివాడైపోయాడు. "మా నాయన మెడ నొప్పి పుట్టేదాకా మబ్బుల్ని చూసినాడు, ఒక్క పైసా రాలేదు. నాకు అదే పనికి జీతమిస్తాండారు" అని మామ నవ్వేవాడు.

గొడుగు పట్టుకుని ఎన్నడూ తిరగలేదు. వాన వస్తుందని ఊరందరికీ చెప్పి తాను తడుస్తూ ఇంటికొచ్చేవాడు. మా అత్త తువ్వాలు విసిరేసి తిడితే, "నేను తడిస్తేనే కదా, చెప్పింది నిజమైనట్లు" అనేవాడు. బాగేపల్లిలో మా ఇంటికి వచ్చినా గడపలో నిలబడి ముందు పైకి చూసి, తరువాతే మమ్మల్ని చూసి ఎట్లున్నారని అడిగేవాడు. మా అమ్మకు ఇది పెద్ద ఎగతాళి. "నీకు ఆకాశంలో అక్కాచెల్లెళ్ళుండారా అప్పా?" అనేది.

ఉండేవారు. అది నేను కళ్ళారా చూశాను.

ఉగాది దాటిన ఒక ఆదివారం, పైవాళ్ళ అనుమతి తీసుకుని, నన్ను కచేరీకి తీసుకుపోయాడు. ఇంకా సూర్యుడు రాలేదు. తెర మీద మబ్బు తునక కూడా లేదు. నంది కొండ అడ్డం కాబట్టి దాని వెనక ఒక ముక్క ఎప్పుడూ నల్లగానే ఉంటుందని, దాన్ని కొండ నీడ అంటామని చూపించాడు. ఆ నీడకు కాస్త పక్కగా, పేరేసంద్ర వైపు, ఒక చుక్క పుట్టింది. చూస్తూ ఉండగానే చుక్క మధ్యలో ఖాళీ అయి గాజులా గుండ్రంగా మారింది. గాజు పెద్దదై పెద్దదై పలచబడి కలిసిపోయింది. మామ అంతసేపూ ఊపిరి బిగబట్టుకునే ఉన్నాడు.

"గోరింకలమ్మా. ఒళ్ళు గులాబీ రంగు, తల నలుపు. రాత్రంతా ఒక్కచోటే పండుకోని, తెల్లారుతూనే అన్ని దిక్కులకీ ఒక్కసారే లేస్తాయి. అందుకే ఆ గుండ్రం."

వెనక నుంచి ఆఫీసరు కన్నడంలో, "ఏన్రీ, మత్తె కసనా? తెగీరి" అన్నాడు. మళ్ళీ కసువు, అంటే చెత్త, పడింది, తీసేయమని. వాన కానిదాన్నంతా తెర మీంచి తుడిచేసే ఏర్పాటు ఒకటి ఆ యంత్రంలో ఉంది. వాళ్ళ పని వాన కాబట్టి వాళ్ళకు పిట్టలు కసువే. మామ మాత్రం చలికాలం నుంచి వసంతం దాకా, పొద్దుపొడిచే ఆ కాసేపు, ఆ తుడిచే ఏర్పాటును ఆపి ఉంచేవాడు. అందుకోసం మాటలు పడ్డాడు. పైకి రాసుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఒకసారి ప్రమోషను కూడా దాని మూలంగానే తప్పిందని మా అత్త అంటుంది. ఆయన ఎప్పుడూ అనలేదు.

ఆ గోరింకలు మనవి కావు. ఎక్కడో ఉత్తరాన, దేశం దాటి, కొండల అవతల గూళ్ళు పెడతాయి. చలికి ఇటు దిగి వస్తాయి, ఎండలు ముదిరేలోగా తిరిగి పోతాయి. మామ ప్రతి వసంతంలో ఎదురు చూసేది ఆ ఒక్క పొద్దు కోసం. ఆ రోజు గాజు అన్నివైపులా విచ్చుకోదు, మొత్తం వాయవ్యానికి వాలిపోతుంది. మరునాడు చుక్కే పుట్టదు. మా వైపు ఇళ్ళలో చుట్టాన్ని బస్సెక్కిస్తే, దిగే ఊరివాళ్ళకు వెంటనే కబురు పెడతాం, "ఎక్కించినాం, దింపుకోండి" అని. మామ కూడా ఉత్తరాదిన ఇంకో రాడార్ దగ్గర పనిచేసే స్నేహితుడికి ఫోను చేసి, "పంపించినాం, చూసుకో" అనేవాడు. ఆయన కొన్నేళ్ళు ఏదో కనిపించిందనేవాడు, కొన్నేళ్ళు లేదనేవాడు. కనిపించినవి ఈ పిట్టలే అని రుజువేమీ లేదు. రుజువు లేకపోయినా మామ ఆ రోజు రెండు స్వీట్లు ఎక్కువ తినేవాడు.

ఇప్పుడు పెదనాన్న సంగతి చెప్పాలి. చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల ద్రాక్ష ఎలాంటి పంటో తెలిసినవాళ్ళకు తెలుసు. కాయ తీపెక్కాక ఒక్క వాన పడితే పగిలిపోతుంది. అందుకని ఆ రోజుల్లో పెదనాన్నా, చుట్టుపక్కల తోటలవాళ్ళూ తెల్లారకముందే మామకు ఫోను చేసేవాళ్ళు. "ఈ దినం కోయచ్చా అప్పా?" ఆయన ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పేవాడు. ఆ మాట మీద ఎన్ని తోటలు గట్టెక్కాయో వాళ్ళకే తెలియాలి. తెలుసు కూడా.

ద్రాక్షకు రెండో శత్రువు ఈ గోరింకే. గుంపుగా దిగితే గుత్తులు మిగలవు. పగలంతా డబ్బాలు కొట్టడం, టపాకాయలు కాల్చడం, చప్పట్లు కొట్టి అరవడం. అక్కడ చిన్నపిల్లలు కూడా పిట్ట కనపడితే "హోయ్" అంటారు. అయితే అవి రాత్రి ఎక్కడ ఉంటాయో మాత్రం ఎవరికీ తెలియదు. ఎటు నుంచి వస్తాయో, ఎటు పోతాయో, దొంగ పిట్టలు అనేవాళ్ళు.

పెదనాన్న తోటలో కొత్త బోరు వేస్తే నీళ్ళు పడ్డాయి. ఆ సంతోషానికి భోజనాలు పెట్టాడు. తోటలవాళ్ళందరూ వచ్చారు. ఉన్న బోర్లన్నీ ఎండిపోతున్న ఏడాది అది, నీళ్ళు పడటమంటే పెళ్ళికంటే పెద్ద సంబరం. అక్కడికి మామ ఒక రంగుల కాగితం తెచ్చాడు. ఆ గాజు బొమ్మను అచ్చు తీయించాడు. ఇన్నేళ్ళూ కచేరీలో కసువు అనిపించుకున్నదాన్ని సొంతవాళ్ళకు చూపించుకోవాలని ఆయన ఆశ. పంక్తి లేచాక చాప మీద పరిచి, గాజు నడిమధ్యన వేలు పెట్టాడు.

"ఇదిగో, ఈడ నిద్ర చేస్తాండాయి. మీ తోటకి అవతల ఎండిన చెరువులో బళ్ళారి జాలి ముళ్ళకంపల్లో. ఇంగ కొన్ని దినాలే అప్పా, పొయ్యేదానికి తయారైనాయి. అంతదాకా ఓర్చుకోండి."

అందరూ వంగి చూశారు. ఒకాయన, "యాడ? మళ్ళా చూపించు" అన్నాడు. మామ మళ్ళీ చూపించాడు. రాక రాక విద్య మీద ఇంతమందికి శ్రద్ధ కలిగిందని ఆయన మొహం వెలిగిపోయింది. దొంగకు తాళంచెవి ఇస్తున్నానని ఆయనకు తోచలేదు. ఆయన స్థానంలో ఎవరున్నా తోచేది కాదు. ఎందుకంటే పెదనాన్న ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని, "ఇది నాకిచ్చిపో అప్పా, గోడకి అంటిస్తా" అన్నాడు.

తరువాత వారంలోనే పరీక్షలు అయిపోయి శాలె మూశారు. నేను పెదనాన్న ఇంటికి వెళ్ళాను. ఆ రోజు మధ్యాహ్నం మామ డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చాడు, చేతిలో స్వీట్ల పొట్లం. వాకిట్లో నుంచే కేక. "పొయినాయప్పా! ఈ దినం చుక్కే పుట్టలేదు. గాజు వాలింది మాత్రం నాకు చిక్కలేదు, నిన్న సాయంత్రమే లేచిపోయుంటాయి. స్నేహితునికి ఫోను చేసి చెప్పినా. ఇంగ మీ కాయకి భయం లేదు."

పెదనాన్న నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇంకా వినపడుతుంది.

"పొయినాయి, పొయినాయి. మేమే పంపించినాం."

మామకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. పెదనాన్నే చెప్పాడు, ఏదో ఘనకార్యంలా. ముందురోజు పొద్దు గూకినాక, పిట్టలు కుదురుకునేదాకా ఆగి, చెరువు చుట్టూ నిలబడి ఎండిన కంపకు నిప్పు పెట్టారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు. మావాళ్ళకు బ్రహ్మాస్త్రం అక్కరలేకపోయింది, కిరసనాయిలు చాలింది.

మామ స్వీట్ల పొట్లం అరుగు మీద పెట్టి నడిచాడు. నేను వెంట పోయాను. చెరువంతా బూడిద, ఇంకా పొగ. కంప మొదళ్ళ చుట్టూ చిన్న చిన్న నల్లటి ముద్దలు. అవి ఏమిటో మొదట నాకు తెలియలేదు. గాలికి ఎగిరిన ఈకలు అక్కడక్కడా గులాబీ రంగులోనే ఉన్నాయి. మామ కట్ట మీద కూర్చున్నాడు. ఒకే మాట అన్నాడు. "కొండ నీడలో పండుకోనుంటే బతికిపొయ్యుండేవి కదమ్మా. నాకు కనపడకుండా." అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆయనకు రాలేదు. జేబులోంచి ఫోను తీసి ఉత్తరాది స్నేహితుడికి కలిపి, "రావు. ఎదురు చూడొద్దు" అని పెట్టేశాడు.

ఇంత జరిగాక ఆయన ఆ మనుషులతో మాట్లాడకుండా ఉంటే నాకు కాస్త చల్లగా ఉండేది. లేదు. తెల్లారకముందు ఫోను మోగితే ఎప్పటిలాగే తీశాడు. మబ్బుందో లేదో ఎప్పటిలాగే చెప్పాడు. అవతల ఉన్నవాళ్ళకు సిగ్గు లేదు, ఈయనకు కోపం లేదు, మధ్యలో నేను ఉడికిపోయాను. ఒకసారి గట్టిగానే అడిగాను. "వాళ్ళు కోపం పిట్టల మీద తీర్చుకున్నారని నేను వాన మీద తీర్చుకునేదానికి లేదు కదమ్మా" అన్నాడు. గొప్ప మాటే. ఆ మాటను నేను ఈ రోజుకూ ఒప్పుకోను.

మరుసటి వసంతంలో వేరే దిక్కున మళ్ళీ ఒక చుక్క పుట్టిందట. ఆ మంటల్లో తప్పించుకున్న పిట్టలో, కొత్త గుంపో. "చూసినావా మామా? ఎట్లుండాది?" అని ఆశగా అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "కసువు తీసేసినానమ్మా" అన్నాడు. అంత కాలం పైవాళ్ళతో పోట్లాడి ఆపి ఉంచిన ఏర్పాటును తన చేత్తో తానే నడిపించాడు. తెర మీద లేకపోతే అవి ఎక్కడ పడుకుంటాయో ఎవరికీ తెలియదు. తనకు కూడా తెలియదు. ఆ తరువాత ఏ ఏడూ ఆయన గోరింకల మాట ఎత్తలేదు. రిటైరయ్యాక కూడా తెల్లారకముందే లేచేవాడు, తోటలవాళ్ళు ఫోను చేస్తే కచేరీవాళ్ళను అడిగి వాన సంగతి చెప్పేవాడు, తరువాత గోడకేసి చూస్తూ కూర్చునేవాడని అత్త చెప్పింది.

సంతాప సభ చిక్కబళ్ళాపురంలో పెట్టారు. పెట్టింది తోటలవాళ్ళే. ఫ్లెక్సీ మీద మామ ఫోటో, కింద కన్నడంలో 'పక్షి ప్రేమి' అని పెద్ద అక్షరాలు. దాన్ని చదివి నేను లేచి బయటికి వచ్చేశాను. ఎవరో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు, దుఃఖం ఆపుకోలేకపోయానని అనుకుని.

కర్మ రోజు ఊరి బయట, కానుగ చెట్టుకు ఎదురుగా మామ కొడుకు పిండం పెట్టాడు. అందరం దూరంగా జరిగి నిలబడ్డాం. కాకి ముట్టాలి. ముడితే పోయినవాళ్ళ మనసు తీరినట్టు. ఎండ ఎక్కుతున్నది, కాకి జాడ లేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు పెదనాన్న ముందుకు వచ్చి, చేతులు జోడించి పైకి చూస్తూ, "రాప్పా, వచ్చి ముట్టిపో. మా మింద ఏమన్నా ఉంటే మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. అది నటన కాదు. తోటలవాళ్ళందరూ ఆయన వెనకాల చేతులు జోడించారు.

కాకి వచ్చింది. కొమ్మ మీద వాలి, తల అటూ ఇటూ తిప్పి, నేల మీదకు దిగింది. విస్తరి వైపు రెండు గెంతులు వేసింది. ఎవ్వరూ కదలలేదు.

సరిగ్గా అప్పుడు ఆగ్నేయం నుంచి ఒక గుంపు కిచకిచలాడుతూ మా నెత్తి మీదకు వచ్చింది. గులాబీ ఒళ్ళు, నల్ల తలలు. పెదనాన్న తలెత్తి చూశాడు, చూస్తూనే జోడించిన చేతులు విడిపోయాయి. "హోయ్! హోయ్!" అని చప్పట్లు కొట్టాడు. వెనకాల ఉన్నవాళ్ళందరూ కొట్టారు. ఎవరూ అనుకుని చేసింది కాదు, చేతులు అలా అలవాటు పడిపోయాయి.

కాకి లేచిపోయింది. గోరింకలు ఆగలేదు, వంగలేదు, కొండ మీదుగా వాయవ్యానికి సాగిపోయాయి. ముట్టని పిండం చుట్టూ వాళ్ళందరూ చప్పట్లకు ఎత్తిన చేతులను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే నిలబడి ఉన్నారు.