మూడు గడ్డికుండలు, నా అక్షతలు

అక్షరానికి అధిదేవతయై, నావంటివారి అతిశయాన్ని చిరునవ్వుతో సహించే శారదాంబకు ప్రణమిల్లి, ఆశ్వయుజ శుద్ధ నవమి నాటి నా ఘనకార్యాన్ని విన్నవిస్తున్నాను.

నా మనుమరాలు తుర్కపల్లిలోని ఒక ప్రయోగశాలలో పరిశోధకురాలు. గడ్డికి, కట్టెకు బిగువునిచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఏ బాక్టీరియా విడగొట్టగలదో తేల్చడం ఆమె పని. మేడ్చల్ పొలాల్లో కోతల తరువాత తగులబెట్టే వరిగడ్డి మట్టిలోనే కలిసిపోవాలని ఆమె ఆశ. శామీర్‌పేటలోని మా పెరటి రేకులషెడ్డులో మూడు కుండల్లో తడిగడ్డి నింపింది. రెండింటిలో బాక్టీరియా, పోల్చి చూడటానికి మూడవదానిలో ఉట్టి గడ్డి. నాలుగు నెలల శ్రమ. పౌర్ణమిలోగా ఫలితాలు ఒప్పగిస్తేనే పరిశోధనకు గడువు పొడిగిస్తారు.

ఆయుధపూజ నాడు మా ఇంట కుట్టుమిషనుకూ, స్కూటరుకూ, నా కలానికీ పసుపుకుంకుమలు అందాయి. బిడ్డ పనిముట్లను మాత్రం విస్మరించడం అధర్మమని తోచింది. కుండల మూతలు తీసి, మంత్రపూర్వకంగా, పసుపు దండిగా కలిపిన అక్షతలు చల్లాను. మూడింటికీ సమానంగానే, పక్షపాతం నా స్వభావంలో లేదు.

ఏకాదశి నాడు కుండల అడుగు గొట్టాల నుంచి నీటి నమూనాలు పరీక్షకు తీసుకెళ్ళిన మనుమరాలు, ద్వాదశి సాయంత్రం క్యాబ్ దిగి నేరుగా పెరట్లోకి నడిచింది.

"తాతా, లిగ్నిన్ విరిగితే వచ్చే ఫినాల్స్ మస్తు పెరిగినయ్."

"శుభం! దైవానుగ్రహం."

"ఉట్టి గడ్డి కుండల గూడ పెరిగినయ్. అండ్ల బాక్టీరియానే లేదు. గిదేం అనుగ్రహం?"

మా పెరడు ఊడ్చే పనిమనిషి చీపురు ఆపింది. "నేను గప్పుడే అన్న బిడ్డా, గడ్డికి పూజేందని. మీ పంతులు తాత ఇంటడా?"

మనుమరాలు మూత ఎత్తింది. గడ్డి నడుమ పసుపుపచ్చని బియ్యపు గింజలు. "పసుపేసినవా?"

"ఇంట్లో దంచినదే. కల్తీ లేదు."

"గదే పరేషాన్. పసుపుల ఉన్నది గూడ ఫినాలే. మా పరీక్షకు రెండూ ఒక్కతీరుగనే కనబడ్తయ్."

అప్పుడు నేను, నా పాండిత్యమంతా కూడగట్టుకొని, ఒక ఉపాయం చెప్పాను: "మూడవ కుండ పగిలిందని వ్రాయరాదా? మిగిలిన రెండింటి ఫలితం బ్రహ్మాండమే కదా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నలభై ఏండ్లు పిల్లలకు నీతి జెప్పింది నువ్వేనా తాతా?"

ఇంటిపెద్ద మూడు కుండల్లోనూ పసుపుబియ్యం చల్లినందువల్ల ఈ ఫలితాలు చెల్లవని ఆ రాత్రే వ్రాసి, సాక్షిగా నాచేత సంతకం పెట్టించింది. వ్యాకరణదోషం ఒక్కటీ దొరకలేదు.

పౌర్ణమి నాడు ఆ కాగితం ఒప్పగించింది. కార్తిక శుద్ధ విదియ నాడు జవాబు వచ్చింది: అడిగిన ఏడాదికి బదులు మూడు నెలల గడువు ఇచ్చారు, కొత్త కుండలను తుర్కపల్లిలోనే తాళం వేసిన గదిలో పెట్టించారు.