కోటలో వేసిన మంచం

కోటను మా ముత్తాత తండ్రి నాపరాళ్లతో కట్టించాడు. బస్సు ఊరి మలుపు తిరగగానే దాని బురుజు కనిపిస్తుంది. ఎవరి కోట అని అడిగితే మాత్రం చెప్పేవాళ్ల వయసును బట్టి జవాబు మారుతుంది. ముసలివాళ్లు మా ఇంటిపేరు చెబుతారు. వాళ్ల తరవాతి తరం నూనె మిల్లు వాళ్లదంటుంది. అన్నదమ్ముల దావాలో తాతగారు ఓడిపోయాక వేలంలో పాడుకున్నది ఆ మిల్లు యజమానే. అతని కొడుకులు కొన్నాళ్లు హాస్టలుకు అద్దెకిచ్చి, చివరికి గురజాల మిర్చి వ్యాపారికి అమ్మేశారు. ఇప్పటి పిల్లలకు అది మిరపకాయల కోట.

నాన్న ఆ వీధిన నడిచేవాడు కాదు. చుట్టు తిరిగి వెళ్లేవాడు. నేనూ అంతే.

నరసరావుపేట ఆసుపత్రిలో నాన్నను ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. నాన్నా, నేనూ, నా భార్యా ఉండేది రెండు గదుల అద్దె ఇంట్లో. అంబులెన్సు వాకిట్లో ఆగగానే ఇంటావిడ గేటుకు అడ్డంగా నిలబడింది.

"అద్దె కొంపలో శవం లేస్తే మాకు మంచిది కాదు నాయనా. ఏమీ అనుకోమాకు."

నాన్న ఇంకా బతికే ఉన్నాడు. ఆమె మాట ఆయనకు వినపడిందేమో తెలియదు. పినతండ్రి కొడుక్కి ఫోన్ చేస్తే, మొన్ననే గృహప్రవేశం చేశామని నసిగాడు. ఎటు పోనివ్వమంటారని డ్రైవర్ అడిగాడు. కోటకు పోనివ్వమన్నాను.

వ్యాపారి సాయిబు గేటు దగ్గరే మిరప బస్తాలు కాటా వేయిస్తున్నాడు. అడగడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. "మా నాన్నను లోపల పడుకోబెట్టాలి" అన్నాను. అది ఆజ్ఞలాగే ఉందని నాకూ తెలిసింది. ఆయన బండిలోకి తొంగి చూశాడు.

"పెద్దాయనా? బయట కాయల ఘాటుకి ఊపిరాడదు సామీ. సావిట్లో కాస్త నయం, ఆడ ఏద్దాం."

తన మంచమే తెప్పించాడు. సావిట్లో ఆడకూలీలు తొడిమలు తీస్తున్నారు. నాన్న దగ్గుతూ కళ్లు తెరిచి పైన దూలాలను చాలాసేపు చూశాడు. తరవాత వాళ్లను చూశాడు.

"ఎవుర్రా వీళ్లంతా? ఎవురు రానిచ్చారు?"

నేను తల దించుకున్నాను. సాయిబు నవ్వాడు. "కూలోళ్లం లే అయ్యా, పోతన్నాం" అని ఆడవాళ్లందరినీ లేపి తనూ బయటికి నడిచాడు. ఆ రోజు పని ఆగిపోయింది. కృతజ్ఞత చెప్పాలని నోరు తెరిచాను. తలుపు దగ్గరగా వేసి పొమ్మన్నాను.

మర్నాడు మధ్యాహ్నం నాన్న పోయాడు. పురోహితుడు ఫోన్‌లోనే పంచాంగం చూసి నక్షత్రం మంచిది కాదన్నాడు. ప్రాణం పోయిన ఇంటిని ఆరు నెలలు పాడుపెట్టాలట. ఆ సంగతి దాచడం మర్యాద కాదనిపించి సాయిబుతో చెప్పేశాను. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"మాలో అట్టాంటియి లేవు. అయినా అడుగుతా. వదిలి పోవాల్సింది ఎవురు? కోట ఓనరా, సచ్చిపోయినాయన ఇంటోళ్లా?"

"ఇంటివాళ్లు."

"అయితే మీరేగా. ఏడికి పోతారు?"

అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. నక్షత్రం సంగతి అప్పటికే ఊరంతా పాకింది. కర్మకాండ అయ్యేదాకా గేటులో కాలు పెట్టొద్దని ఇంటావిడ కబురు పెట్టింది. పినతండ్రి కొడుకు ఫోన్ ఎత్తడం మానేశాడు. సావిడి అవతల షెడ్డు ఖాళీగా ఉంది. అడిగితే ఇచ్చేవాడే.

"మాకు ఇళ్లకేం తక్కువ" అన్నాను.

 పాడె సింహద్వారం దాటుతుంటే సాయిబు టోపీ సర్దుకుని పక్కకు నిలబడ్డాడు.

దహనం అయ్యాక కాలవలో మునిగి తడి పంచెతో తిరిగొచ్చాను. నా భార్య ఆసుపత్రి నుంచి తెచ్చిన బట్టల సంచితో గేటు బయట గోడవారన కూర్చుని ఉంది. ఏ ఇంటికి వెళ్దామని అడిగింది. లోపల మళ్లీ కాటా మొదలైంది. నేను ఆమె చేతిలో సంచి అందుకుని, ముందు లెమ్మన్నాను.