బొటనవేలు అడిగినవాళ్ళు

దసరా వెళ్ళిన తర్వాతి బుధవారం, పగలు సరిగ్గా మూడున్నర గంటలకు, శంకర్ నగర్‌లోని ఒక ఏసీ గదిలో నా కుడిచేతి బొటనవేలిని నీలం ఇంకు ప్యాడ్ మీద పెట్టి ఒత్తారు. ఒత్తింది బొమ్మలు గీసే డిజైనర్ అమ్మాయి. వేలు వదులుగా ఉంచండి ఆంటీ, బిగించకండి అంది హిందీలో. బిగించకుండా ఎలా ఉంటుంది? సంతకం నేర్చుకున్న మనిషిని పిలిచి వేలిముద్ర అడిగితే వేలొక్కటే కాదు, ఒళ్ళంతా బిగుసుకుంటుంది.

అయినా ఎందుకు ఇచ్చానో ముందు చెప్పాలి.

మాది గిన్నెలు తోమే పౌడర్ వ్యాపారం. ఉర్లా ఫ్యాక్టరీల్లో ఇనుము కరిగించే పనిచేసిన నా భర్త పోయాక, బీర్‌గావ్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డు కింద బట్టల సోడా, రాతిపొడి, నురగ వచ్చే మందు కలిపి సంచుల్లో పోసి ఫ్యాక్టరీ క్యాంటీన్లకు అమ్మాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మావాళ్ళు ఈ హిందీ ఊళ్ళో ఫ్యాక్టరీలోనైనా చేరతారు, ఇడ్లీ బండైనా పెడతారు. నాకు రెండూ కుదరలేదు, ఇది చేశాను. ఇందులో గొప్ప ఆశయమేమీ లేదు. క్యాంటీన్లలో జిడ్డు గిన్నెలున్నాయి, నాకు ఆకలి ఉంది. అంతే.

ఇప్పుడు వ్యాపారం నడిపేది మా చెల్లెలి కొడుకు. చదువుకున్నవాడు, కష్టపడతాడు. కాని సెమినార్లలో కూర్చునే జబ్బు పట్టుకుంది. అలాంటి ఒక సెమినార్ నుంచే బ్రాండింగ్ గురువును పట్టుకొచ్చాడు. ఆయనకు జుట్టు ముడి, తెల్ల బూట్లు, మెడలో బస్తర్ అడవివాళ్ళ పూసల దండ. బస్తర్ ఎప్పుడు వెళ్ళావు బాబూ అని అడిగితే, వెళ్ళలేదు, ఎయిర్‌పోర్టులో కొన్నానన్నాడు.

ఈయన చెప్పేదేమిటంటే, ఈ రోజుల్లో ఎవరూ వస్తువు కొనరు, ఆశయం కొంటారు. దాన్ని ఆయన పర్పస్ అంటాడు. ఆ మాట ఆ గదిలో ఎన్నిసార్లు విన్నానో, ఇంటికి వచ్చాక కుక్కర్ కూడా అదే కూసినట్టు ఉండేది. మొదటి మీటింగులో అందరినీ కళ్ళు మూసుకోమన్నాడు. మీ కంపెనీ రేపు మూతపడితే లోకం ఏం పోగొట్టుకుంటుందో ఆలోచించమన్నాడు. నేను కళ్ళు మూసుకోలేదు. ఏమీ పోగొట్టుకోదు, ఇంకో పౌడర్‌తో తోముకుంటారు అన్నాను. మావాడు తల దించుకున్నాడు. గురువు మాత్రం చప్పట్లు కొట్టి, ఈ నిజాయితీనే మనం అమ్మాలి అన్నాడు. అలాంటివాళ్ళను తిట్టడం కూడా దండగ. తిట్టునూ రంగు చీటీ మీద రాసి గోడకు అంటిస్తారు. నిజంగానే అంటించారు. నా మాటకు ఒక పక్కన ‘అమ్మ’, ఇంకో పక్కన ‘మట్టి’ అన్న చీటీలున్నాయి. మా పౌడర్‌లో మట్టి ఎక్కడుందని అడగలేదు. అంత ఓపిక లేదు.

తర్వాతి మీటింగులో కథ తయారైంది. చదువురాని పల్లెటూరి తల్లి తన చేతులతో కలిపిన పౌడర్. ప్యాకెట్ మధ్యలో ఆమె వేలిముద్ర. అమ్మిన ప్రతి ప్యాకెట్ మీద కొంత సొమ్ము ఆడపిల్లల చదువుకు. ఏ ఆడపిల్లలు అని అడిగాను. మంచి ఫొటో దొరికాక చూస్తారట.

నాకు చదువు వచ్చునని చెప్పాను. ఒకప్పుడు బ్యాంకులో గుమాస్తా నా వేలు పట్టుకుని ఒత్తుతూ పక్కవాడితో ‘అంగూఠా ఛాప్’, అంటే వేలిముద్రల బాపతు, అని నవ్వాడు. అప్పటికి నాకు యాభై దాటాయి. రైల్వే కాలనీ చర్చిలో, కోస్తా నుంచి వచ్చి ఇక్కడే రిటైరైన ఒక నర్సమ్మ ఆడవాళ్ళకు తెలుగు అక్షరాలు నేర్పుతుందని విని వెళ్ళాను. నాది ఆ మతం కాదు, ఆవిడా ఆ ఊసు ఎత్తలేదు. ఒత్తులు రాయలేక ఏడ్చాను, పలక విసిరికొట్టాను, మళ్ళీ వెళ్ళాను. ఇదంతా మావాడు గురువుకు హిందీలో విప్పి చెప్పాడు. గురువు శ్రద్ధగా విన్నాడు. విని, ఇది మంచి విషయమే, కాని కథకు అడ్డం వస్తుంది అన్నాడు. తల్లికి చదువొస్తే ఆడపిల్లల చదువు దగ్గర కొనేవాడు తికమకపడతాడట.

నేను లేచి వచ్చేదాన్నే. కాని అప్పటికే ఇంకో సంగతి నన్ను కొరుకుతోంది. మా షెడ్డులో పౌడర్ నింపే ఆడవాళ్ళందరూ బీర్‌గావ్‌వాళ్ళే. సోడా చేతుల్ని తినేస్తుంది. వేళ్ళ సందులు పగులుతాయి, చింతపండు పిసికితే కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. వాళ్ళలో ఒకావిడకు రేషన్ దుకాణంలో మిషన్ మీద వేలు పడటం మానేసింది. బియ్యం కోసం వెళ్ళడం, వేలు రుద్దుకోవడం, ఉత్త సంచితో తిరిగి రావడం. రబ్బరు గ్లోవ్స్ కొనమని మావాడిని చాలాకాలంగా అడుగుతున్నాను.

ఆ రాత్రి అన్నం దగ్గర మళ్ళీ అడిగాను.

“పెద్దమ్మా, నీకెవరిచ్చారు గ్లోవ్సు? నువ్వు చెయ్యలేదా ఏటి?” అన్నాడు.

“ఎవులూ ఇవ్వలేదురా. ఇదుగో, సేతులు సూడు. అందుకే అడుగుతున్నాను.”

“బడ్జెట్ అంతా బ్రాండింగ్‌కే పోయింది. తర్వాత చూద్దాంలే.”

“అయితే నా యేలు కూడా తర్వాతే సూద్దువుగాని.”

అలా బేరం కుదిరింది. నేను వేలిముద్ర ఇస్తాను, వాడు గ్లోవ్స్ కొంటాడు. ఒట్టు వేయించుకోలేదు. సొంత చెల్లెలి కొడుకు కదా.

బుధవారం నాతో పాటు ఆ రేషన్ బియ్యం అందని ఆవిడను కూడా కారెక్కించారు. ఫొటోలో పనిచేసే ఆడది ఒకతె ఉండాలట. మెత్తటి కుర్చీ అంచున కూర్చుని ఆవిడ చేతులు కొంగులో దాచుకుంది.

కాగితం మీద నా వేలు పెట్టి తీస్తే నీలం మరక పడింది. ఇంకోసారి పెట్టారు, ఇంకో మరక. క్రీము రాసి, తుడిచి, ఊది మళ్ళీ పెట్టారు. గీత అన్నది లేదు. గురువు కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, గీతలేవి అని నన్నడిగాడు. ఆయన అమ్మబోయే పౌడరే తినేసింది అన్నాను.

పక్కనున్న ఆవిడకు నవ్వొచ్చింది. “మోరో అంగూఠా నఇ ఆవయ్ దాయీ,” అంది నాతో. నా వేలు కూడా పడదమ్మా అని. అని కొంగు తీసి అరచెయ్యి చూపించింది. చెయ్యంతా ఎర్రగా, పచ్చిగా ఉంది.

అందరూ ఆ చెయ్యి చూశారు. సిగ్గుపడుతున్నారనుకున్నాను. గురువు ఫొటోగ్రాఫర్ వైపు తిరిగి, ఆ చెయ్యి దగ్గరగా తియ్యి, ఇంత నిజమైన చెయ్యి మళ్ళీ దొరకదు అన్నాడు.

వేలిముద్ర సంగతి ఒక్క నిమిషంలో తేల్చేశారు. డిజైనర్ అమ్మాయి తన బొటనవేలే ఒత్తింది. గోరుకు ఊదారంగు. ముద్ర మాత్రం సుడులు సుడులుగా ఎంతో అందంగా పడింది. పాపం, ఆ పిల్ల నా వైపు చూడలేకపోయింది. మిగతావాళ్ళు చక్కగా చూశారు.

నేను గ్లోవ్స్ సంగతి ఎత్తాను. గురువు రెండు చేతులూ జోడించాడు. “అమ్మాజీ, గ్లోవ్స్ వద్దు. చేతులు కనబడాలి. గ్లోవ్స్ తొడిగితే కథే చచ్చిపోతుంది,” అన్నాడు. రేపు రీల్స్ తీసేవాళ్ళు షెడ్డుకు వస్తే ఉత్త చేతులే కనబడాలట. పర్పస్ ఆ చేతుల్లోనే ఉందట.

నేను మావాడి వైపు చూశాను. వాడు బల్ల వైపు చూస్తూ, “నీ వేలు పడలేదు కదా పెద్దమ్మా,” అన్నాడు తెలుగులో, మెల్లగా.

చెంపదెబ్బ కొట్టినా అంత మండేది కాదు. ఆ మాటన్నాక వాడే గురువుతో చేసుకునే ఒప్పందం కాగితాలు నా ముందుకు జరిపాడు. వ్యాపారం ఇప్పటికీ నా పేరు మీదే ఉంది కాబట్టి ప్రతి పేజీ కిందా నేనే సంతకం పెట్టాలి.

“నాను అంగూఠా ఛాప్‌ని కదా,” అన్నాను. “సంతకమేటి?”

“పరువు తియ్యకు పెద్దమ్మా. చూస్తున్నారు.”

“సూడనీ. గ్లోవ్సు తెచ్చి ఈ బల్ల మీద పెట్టు. అప్పుడు రాస్తాను.”

పెద్దమ్మ అలసిపోయిందని మావాడు వాళ్ళకు హిందీలో చెప్పాడు. గురువు కుర్చీ దగ్గరకు లాక్కుని, నమ్మకం గురించి, ప్రయాణం గురించి, సమాజం గురించి నాకు చాలాసేపు చెప్పాడు. నేను ఒక ముసలావిడ కప్పులు కడిగి తెచ్చిచ్చిన చక్కెర లేని కాఫీ తాగుతూ కూర్చున్నాను. చివరికి మావాడే లేచి వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు చొక్కా తడిసి వీపుకు అంటుకుని ఉంది. చేతిలో ఎర్ర రబ్బరు గ్లోవ్స్ కట్ట, హార్డ్‌వేర్ దుకాణంలోవి, మగవాళ్ళ సైజు. మా షెడ్డు ఆవిడ ఒకటి తొడుక్కుని చూసింది. వేళ్ళ చివర్లు ఖాళీగా వేలాడుతున్నాయి. అయినా విప్పలేదు.

నేను కళ్ళజోడు పెట్టుకుని, పేజీ పేజీకీ తెలుగులో, ఒక్క ఒత్తు కూడా వదలకుండా రాశాను. గురువు ఫొటోగ్రాఫర్ భుజం తట్టి, ఈ సంతకం వచ్చే ఏడాది కథకు పనికొస్తుంది, తియ్యి అన్నాడు. కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాను.

ఇప్పుడు ప్యాకెట్ దుకాణాల్లో ఉంది, దాని మీద ఆ అమ్మాయి బొటనవేలు ఉంది. మా ఆడవాళ్ళు గ్లోవ్స్‌ను మణికట్టు దగ్గర సైకిల్ ట్యూబు ముక్కతో కట్టుకుని పౌడర్ నింపుతున్నారు. రీల్స్‌వాళ్ళు వచ్చినప్పుడు విప్పమని మావాడు బతిమాలతాడు. విప్పినవాళ్ళకు ఆ పూట నేను టీ ఇవ్వను.

ఆ బుధవారం ఆ గదిలో ఉన్నవాళ్ళు వీళ్ళు: పూసల దండ గురువు, బొటనవేలు ఇచ్చిన డిజైనర్ అమ్మాయి, చేతుల ఫొటోలు తీసిన కుర్రాడు, కాఫీ కప్పులు కడిగిన ముసలావిడ, మా చెల్లెలి కొడుకు, గ్లోవ్స్ తొడుక్కున్న ఆవిడ, నేను. ఇంకెవరూ లేరు. ప్యాకెట్ మీది తల్లి అసలే లేదు.