సంత మర్నాటి జనం

పోయిన వారం ఒక మధ్యాహ్నం, కుక్కర్ చల్లారేదాకా ఏం చేయాలో తోచక, సముద్రం కనబడని ఈ విశాఖ ఫ్లాటు బాల్కనీలో నిలబడి ఉంటే, నేను ఉద్యోగం చేసి రిటైరైన దంతవైద్య కళాశాల నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడిన అమ్మాయి ఇప్పుడు మా పాత శాఖలో పాఠాలు చెబుతోందట. కాలేజీకి గుర్తింపు ఇన్‌స్పెక్షన్ జరగబోతోందనీ, వచ్చే బృందం రిటైరైన వాళ్ళతో కూడా మాట్లాడుతుందనీ, అయితే మీరు ఇంత దూరం రానక్కర్లేదు మేడమ్, ఇంట్లో కూర్చుని ఫోన్లో కనబడితే చాలనీ ఎంతో మర్యాదగా చెప్పింది. ఫోన్ పెట్టబోతూ, అరకు వైపు కొండల్లో మనకో సెంటర్ ఉండేదట కదా, దాని ఫొటోలేమైనా మీ దగ్గర ఉన్నాయా అని అడిగింది. లేవన్నాను. నిజంగానే లేవు. ఆ తరవాత కుక్కర్ సంగతి మరిచిపోయి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

నా ఈడు వాళ్ళకు ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. బళ్ళో పనిచేసినా, బ్యాంకులో పనిచేసినా అందరం ఆ పెళ్ళిసందడి చూసినవాళ్ళమే. మా కాలేజీలో అయితే ఏడాది పొడుగునా కారే కుళాయి ఆ నెలలో కారడం మానేసేది, మడత పడి లేవని డెంటల్ కుర్చీ ఉన్నట్టుండి లేచి నిలబడేది, పీకిన పళ్ళు వేసి ఉంచే సీసాలకు కొత్త మూతలు వచ్చేవి. ఎర్రవీ పచ్చవీ నీలంవీ చెత్త డబ్బాలు వరస తీరి కూర్చునేవి. ప్రిన్సిపాల్ గారింటి క్రోటన్ కుండీలన్నీ వరండాలోకి కాపురానికి వచ్చేసేవి. మా కాలేజీ ఆశయాలేమిటో అంతకుముందు ఎవరికీ తెలియకపోయినా, ఆ పదిహేను రోజుల్లో పిల్లలంతా ఎక్కాల్లా వల్లించేవాళ్ళు. ఇదంతా చూసి నవ్వుకునేదాన్నే గాని, మా సెంటర్ వంతు వచ్చినప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

దంతవైద్య కళాశాలలు పల్లెలకూ వైద్యం అందించాలి గనక, మా వాళ్ళు డుంబ్రిగుడ దాటాక లోపలికి ఒక కొండపల్లె అంచున పెంకుటిల్లు అద్దెకు తీసుకుని సెంటర్ అని బోర్డు కట్టారు. అక్కడ ఎవరుంటారని అడిగితే పిల్లలున్న వాళ్ళు పిల్లల చదువులన్నారు, మొగుళ్ళున్న వాళ్ళు మొగుళ్ళ ఉద్యోగాలన్నారు. అమ్మా నాన్నా పోయి, పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు కూడా మిగలక ఉన్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, నాకు అడ్డు చెప్పడానికి ఏమీ దొరకలేదు. విజయనగరం వైపు మైదానపు పల్లెలో పుట్టి పెరిగిన నాకు ఆ చలీ, ఆ మంచూ, ఆ నిశ్శబ్దమూ కొత్త. ముందు గదిలో ఒక డెంటల్ కుర్చీ, పక్క గదిలో పనిముట్లు ఉడికించే యంత్రం, వెనక గదిలో నా మంచమూ స్టౌవూ. అంతే నా లోకం.

తోడుగా ఒక ఆయమ్మ ఉండేది, ఆ పల్లె మనిషే. పొద్దున్నే వచ్చి గదులు తుడిచి, వచ్చినవాళ్ళ మాట నాకు అర్థం కాకపోతే తన తెలుగులోకి తిప్పి చెప్పి, పొద్దు వాలగానే వెళ్ళిపోయేది. ఆమె వెళ్ళాక మంచు దిగేది. అప్పుడిక మాట్లాడటానికి మనిషి ఉండదు, ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. మీకు నవ్వొస్తుందేమో గాని, ఆ ఇంట్లో ఒళ్ళు వాల్చి కూర్చోవడానికి వీలైనదల్లా ఆ డెంటల్ కుర్చీయే కనక, రోజూ అందులోనే కూర్చుని, పైనున్న లైటు వేసుకుని, పనిముట్లు పెట్టుకునే పళ్ళెం మీద కంచం పెట్టుకుని భోంచేసేదాన్ని. కరెంటుంటే తింటూ తింటూ మీట నొక్కి కుర్చీని కాస్త పైకీ కాస్త కిందకీ ఆడించుకునేదాన్ని. ఇల్లంతటికీ కదిలేది అదొక్కటే. ఒకసారి మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వచ్చిన ఆయమ్మ గుమ్మంలోంచి అది చూసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. నాకు మాత్రం సిగ్గేసి, మిగిలిన అన్నం వెనక గదిలో మంచం మీద కూర్చుని తిన్నాను.

సంత రోజున తప్పితే మా సెంటర్‌కు జనం వచ్చేవాళ్ళు కాదు. పిప్పిపళ్ళు ముదిరి, దవడ వాచి, పసరు మందులన్నీ అయిపోయాక, బుధవారం సంతకు దిగినప్పుడు మా అరుగు ఎక్కేవాళ్ళు. మిగతా రోజుల్లో ఈగలు కూడా ఉండేవి కావు. ఇది కింద కాలేజీలో ఎవరికీ పట్టని సంగతి. మా శాఖ పెద్దాయన గోడ మీది క్యాలెండర్ చూసి, బృందాన్ని సెంటర్‌కు గురువారం తీసుకొస్తామని చెప్పేసి, ఆ తరవాత నాకు కబురు పెట్టారు. సంత మర్నాడు, అందులోనూ కాఫీ పళ్ళు కోతకొచ్చిన కాలం! ఆ రోజు పల్లెలో ముసలీ ముతకా కూడా తోటల్లోనే ఉంటారు. సిగ్నల్ అందే మలుపు దాకా నడిచి వెళ్ళి ఫోన్లో నేను మొత్తుకుంటే ఆయన, కింద నుంచి రోగులను బస్సులో పంపిస్తాలే అన్నారు. అలా బస్సుల్లో జనాన్ని దింపడం అందరికీ తెలిసిన విద్యే. తీరా మంగళవారం మళ్ళీ అక్కడి నుంచే ఫోన్ చేస్తే, ఇక్కడి ఆస్పత్రికే జనం చాలడం లేదమ్మా, బస్సు పంపలేం, ఖాళీగా కనిపిస్తే మాత్రం ఈ సెంటర్ మూసేయమంటారు, నువ్వే ఏదో ఒకటి చూడు అన్నారు.

ఆ మాట విన్నాక నాకు నేనే కొత్తగా తెలిశాను. ఎప్పుడు కిందకు పిలుస్తారా అని ఎదురుచూసినదాన్ని, తీరా మూసేస్తారంటే దిగులుపడ్డాను. కింద అంతమంది మధ్య, సాయంత్రం అయ్యేసరికి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతుంటే, నేను హాస్టల్ గదికి నడిచి వెళ్ళే ఆ దారి గుర్తొచ్చింది. ఇక్కడైతే చుట్టుపక్కల ఎవరూ లేరు కాబట్టి ఒంటరిగా ఉన్నానని చెప్పుకోవచ్చు. అక్కడ అందరూ ఉండి ఒంటరితనం. దానికి ఏ సాకూ దొరకదు. అందుకే ఆ సెంటర్ నాకు కావాలి.

గోడలకు సున్నం కొట్టించాను. పొగాకు వల్ల నోట్లో వచ్చే పుండ్ల బొమ్మలున్న పోస్టర్లు అంటించాను. బుధవారం సంతకు వచ్చిన వాళ్ళను ఒక్కొక్కరినీ రేపు కూడా రమ్మని బతిమాలితే, ఇవాళ పీకేసిన పన్నుకు రేపు మళ్ళీ ఎందుకని ఎవరి దారిన వాళ్ళు పోయారు. సాయంత్రం అరుగు మీద చతికిలబడ్డాను. ఆయమ్మ చీపురు పక్కన పెట్టి, నా ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఏటమ్మా, అలాగున్నావు? రేపొచ్చినోలు ఏటి సూత్తారు?"

ఎంతమంది ఈ ఇంటికి వస్తున్నారో చూస్తారు, ఎవరూ లేకపోతే మూసేస్తారు, నేను వెళ్ళిపోవాలి అని చెప్పాను. ఆమె "సూడ్డానికొచ్చినోలకి ఇల్లు బోసిగా కనబడితే ఎలాగ మరి" అని మాత్రం అని, రోజూ కంటే బేగి వెళ్ళిపోయింది. నామీద కోపమొచ్చిందేమో అనుకున్నాను.

తెల్లారి మంచు ఇంకా విచ్చుకోలేదు, వాకిట్లో అలికిడి. తలుపు తీస్తే కొండదారి పొడుగునా జనం దిగి వస్తున్నారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, చంకల్లో పసివాళ్ళు. కొందరి చేతుల్లో కొడవళ్ళు, పారలు! ఏం తగాదా వచ్చిందోనని నేను హడలిపోతే, ఆయమ్మ వెనక నుంచి వచ్చి సంగతి చెప్పింది. ఒక ఇంటివాళ్ళకు చేతికి మించిన పని పడితే ఊరంతా ఆ పనికి వెళ్ళడం వాళ్ళకు మామూలే. రాత్రి ఊరికి చాటింపు వేసే బారికి చేత, డాక్టరమ్మ ఇంటి పనికి రమ్మని చెప్పించిందట. పని ఏమిటో సరిగ్గా తెలియక, ఎందుకైనా మంచిదని పనిముట్లు కూడా తెచ్చుకున్నారు. కాఫీ కోత మానుకుని వచ్చారు.

వచ్చినవాళ్ళు ఊరికే కూర్చునే రకం కాదు. దారిలో తుప్పలు కొట్టారు, గుంటలు పూడ్చారు, వాకిలి అలికారు. పనికి పిలిచిన ఇల్లు అన్నం పెట్టాలి కాబట్టి నా నెల బియ్యమంతా పొయ్యెక్కింది. కింద నుంచి జీపులో వచ్చిన హౌస్ సర్జన్లు తెల్లకోట్లతోనే రాజ్మా ఒలిచారు. మధ్యాహ్నమైనా బృందం జాడ లేదు. దారిలో ఎక్కడో వ్యూ పాయింట్ దగ్గర ఆగారట. అందరం వాకిట్లో విస్తళ్ళు వేసుకుని బంతిగా కూర్చుని తిన్నాం. వడ్డించబోతే ఆయమ్మ నా చెయ్యి పట్టుకుని బంతి మధ్యలో కూర్చోబెట్టేసింది. అటూ ఇటూ భుజాలు తగులుతుంటే అన్నం తిని ఎన్నేళ్ళయిందో! పొగకు కళ్ళు మండుతున్నాయని చెప్పి పైట చెంగుతో మొహం తుడుచుకున్నాను.

పొద్దు వాలుతుండగా వచ్చారు వాళ్ళు, ముగ్గురు, వేరే రాష్ట్రాల వాళ్ళు, తెలుగు రాని వాళ్ళు. వెంట మా శాఖ పెద్దాయన, నిండు వాకిలి చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పొగాకు పోస్టర్ల కిందే ముసలమ్మలు వరసగా కూర్చుని, మా వైపు అలవాటే, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్టలు పీలుస్తున్నారు. నిప్పు బయటికి కనబడదు, వాళ్ళు నోరు విప్పరు కాబట్టి బృందంలోని పెద్దావిడ వాళ్ళ క్రమశిక్షణకు మురిసిపోయింది. ఆవిడ ముందు వరసలో ఉన్న ఒక తాతను, నీకేం వైద్యం చేశారని అడిగింది. మా పెద్దాయన ఆ ప్రశ్న తెలుగులో అడిగారు. తాత బోసినోరు తెరిచి నవ్వాడు.

"నాకేటి నొప్పి నేదు బాబూ. పళ్ళే నేవు, నొప్పెక్కడిది? ఈ డాట్రు గుంట పళ్ళు పీకే కుర్సీలో కూకుని ఒక్కర్తీ తింతాదంట. మనుసులు నేని ఇల్లని మూసేత్తారంటే వొచ్చినాం."

తాత తరచుగా వస్తుంటాడనీ, ఇక్కడి వైద్యంతో ఎంతో సంతోషంగా ఉన్నాడనీ మా పెద్దాయన ఇంగ్లీషులో చెప్పారు. ఆవిడ రాసుకుంది. నేను స్టెరిలైజర్ ఉన్న గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాను. అందరికీ తెలుసు! నేను దాచుకున్నాననుకున్నది ఆ కొండ మీద ప్రతి ఇంటికీ తెలుసు. తెలిసి ఎవరూ నన్ను చూసి జాలిపడలేదు, మాటగా కూడా అనలేదు, పనులు మానుకుని కొడవళ్ళు పట్టుకుని వచ్చేశారు. ఏడ్చాను, సంతోషంతోనో సిగ్గుతోనో ఇప్పటికీ చెప్పలేను.

సెంటర్‌కు మంచి మాటే వచ్చింది. మూయలేదు. ఒకరు మన పనికి వస్తే మనమూ వాళ్ళ పనికి వెళ్ళాలి కదా, ఆ కోత అయ్యేదాకా ఆదివారాలు నేనూ కాఫీ తోటలకు వెళ్ళాను. నా కోత చూసి ఆడవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. "డాక్టరమ్మా, కొమ్మకి నొప్పెడతాదేటి, అంత మెల్లగా లాగుతన్నావు" అని ఒకామె వెక్కిరించేది. సాయంత్రాలు ఎవరో ఒకరి పొయ్యి దగ్గర తినిపించి పంపేవాళ్ళు. నా జీవితంలో నేను ఎవరికో చెందినదాన్ని అనిపించిన కాలం అదే, అది కూడా ఎంతో కాలం సాగలేదు. తరవాతి ఇన్‌స్పెక్షన్ నాటికి పద్ధతులు మారాయి. కుర్చీలు బిగించిన బస్సు ఒకటి ఉంటే చాలు, నెలకోసారి తిప్పి రావచ్చన్నారు. పెంకుటింటి బోర్డు దింపేశారు. నన్ను కిందకు పిలిచారు. వచ్చే రోజున ఆయమ్మ నా పెట్టె జీపు దాకా మోసి, రాజ్మా మూట ఒళ్ళో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. ఆమె పోయిన సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నిన్న ఆ మీటింగు జరిగింది. మంచి చీర కట్టుకుని, జడ వేసుకుని, ఫోన్‌ను పంచదార డబ్బాకు ఆనించి కూర్చున్నాను. తెర మీద చిన్న చిన్న గళ్ళల్లో నాలాంటి ముసలి మొహాలు. కొందరిని గుర్తుపట్టాను, పలకరిద్దామంటే మాట వినబడకుండా మీట నొక్కి ఉంచమన్నారు. కెమెరా ఆన్‌లో ఉంటే చాలు మేడమ్ అంది ఆ అమ్మాయి. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. కాసేపటికి థాంక్యూ అన్నారు, గళ్ళన్నీ ఒక్కసారిగా మాయమైపోయి నల్లటి తెరలో నా మొహమే కనిపించింది. అప్పట్లో మనుషులున్నారని చూపించడానికి కోత మానుకుని కొండ దిగాల్సి వచ్చేది, దిగినవాళ్ళు పక్కన కూర్చుని అన్నం తిని వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు నేనూ ఒక లెక్కకు పనికొచ్చాను, కూర్చున్న చోటు నుంచి కదలకుండా.

చీర మార్చుకుని అన్నం వడ్డించుకున్నాను. ఇంట్లో నాలుగు కుర్చీల భోజనాల బల్ల ఉంది గాని, దాని మీద మందులూ కరెంటు బిల్లులూ ఉంటాయి. కంచం ఒళ్ళో పెట్టుకుని టీవీ ఎదురుగా కూర్చున్నాను. ఒక్కర్తినీ ఇలా కూర్చుని తింటున్నానని వెళ్ళి నలుగురికీ చెప్పడానికి ఇప్పుడు ఆయమ్మ లేదు.